రోహిణీ నది తగవు, సింహళ ద్వీపపు గాయం

 

పోయిన వర్షావాసంలో ఒక ఆదివారం వందన అయ్యాక మొదటి శీలం మీద నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను. డిగ్రీ చదివే కుర్రాడొకడు వెనక వరసలోంచి లేచి, "సార్, మన ధమ్మం శాంతి ధమ్మం అంటారు కదా. మరి శ్రీలంకలో బౌద్ధులే తమిళుల ఇళ్ళు తగలబెట్టారంట, భిక్షువులే గొడవలు పెట్టారంట. మా కాలేజీలో వాళ్ళు ఎగతాళి చేస్తున్నారు. నిజమేనా?" అని అడిగాడు.

"వాళ్ళు నిజమైన బౌద్ధులు కారు నాయనా" అనేశాను. వాడు కూర్చున్నాడు. సభ కూడా తల ఊపింది.

ఇంటికొచ్చాక ఆ మాట నన్ను పొడవడం మొదలెట్టింది. ఎందుకంటే ఆ జవాబు నాది కాదు. ఊళ్ళో పెద్దకులం వాళ్ళు మనకు ఎప్పుడూ చెప్పే జవాబే అది. "కులం అసలైన ధర్మంలో లేదయ్యా, అంటరానితనం పాటించేవాడు నిజమైన హిందువే కాడు" అని వాళ్ళంటే మనం ఒప్పుకున్నామా? పుస్తకంలో ఏముందో తర్వాత చూద్దాం, ముందు మీ వీధిలో ఏం జరుగుతోందో చెప్పండి అని నిలదీశాం. ఆ కొలతబద్ద మనకూ వర్తించాలి కదా. అందుకే ఆ కుర్రాడికి నేను బాకీపడ్డ జవాబును ఈ చిన్న పుస్తకంలో రాస్తున్నాను. మీలో కొందరికి ఇది చేదుగా ఉంటుంది. ఓపిక పట్టండి.

ముందు రోహిణీ నది దగ్గరికి వెళ్దాం. శాక్యులకూ కోలియులకూ మధ్య పారే చిన్న ఏరు అది. రెండు వైపులవాళ్ళ పొలాలకూ అదే ఆధారం. నీళ్ళు తగ్గినప్పుడు ముందు ఎవరు మళ్ళించుకోవాలని తగాదా. మన పల్లెల్లో కాలువ చివరి పొలంవాడిని అడగండి, ఈ కథ వాడికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. పాత అట్ఠకథల్లో బుద్ధుడు జ్ఞానోదయం తర్వాత వచ్చి రెండు సేనల మధ్య నిలబడి ఆ యుద్ధాన్ని ఆపినట్టు ఉంది. బాబాసాహెబ్ మాత్రం "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో ఈ తగవునే సిద్ధార్థుడి గృహత్యాగానికి కారణంగా నిలబెట్టారు. ముసలివాడిని, రోగిని, శవాన్ని చూసి ఇల్లు విడిచాడన్న కథ 29 ఏళ్ళ మనిషి విషయంలో నమ్మశక్యంగా లేదన్నారు.

ఆ కథలో ఏం జరిగిందో మీకు తెలుసు. శాక్య సంఘం సమావేశమైంది. సేనాపతి యుద్ధ తీర్మానం పెట్టాడు. సిద్ధార్థుడు లేచి వద్దన్నాడు. మనం సాధారణంగా ఇక్కడితో ఆపేసి, "చూశారా, బుద్ధుడి కరుణ" అని ముందుకు పోతాం. కానీ ఆయన యుద్ధం వద్దని మాత్రమే అనలేదు, ఒక పద్ధతి కూడా చెప్పాడు. మనవాళ్ళలోంచి ఇద్దరిని ఎంచుకుందాం, కోలియులను ఇద్దరిని ఎంచుకోమందాం, ఆ నలుగురూ కలిసి ఐదోవాడిని ఎన్నుకుంటారు, ఆ ఐదుగురూ తగవు తీరుస్తారు. ఇదీ ఆయన సవరణ. ఎవరి జనాభా ఎంత, ఎవరి సేన ఎంత అన్న లెక్క అందులో లేదు. ఇద్దరికి ఇద్దరు. ఐదోవాడు రెండు పక్షాలకూ సమ్మతమైనవాడు.

ఆ సవరణ ఓటుకు పెట్టారు, ఓడిపోయింది. యుద్ధ తీర్మానం భారీ మెజారిటీతో నెగ్గింది. మరునాడు సైన్యంలో చేరాలన్న ఆజ్ఞను సిద్ధార్థుడు కాదంటే, నీ కుటుంబాన్ని వెలివేస్తాం, నీ భూములు లాక్కుంటాం అని సేనాపతి బెదిరించాడు. వెలి అన్న మాట వినగానే మనకు ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకో వేరే చెప్పాలా! సంఘం నియమబద్ధంగానే సమావేశమైంది, నియమబద్ధంగానే ఓటు వేసింది. అయినా ఆ తీర్మానం అధర్మం. మన శాస్త తన కాళ్ళ మీద తాను ఇంటి నుంచి బయటికి నడిచింది ఒక మెజారిటీ ఓటుకు ఎదురు నిలిచే. ఈ సంగతి గుర్తుపెట్టుకుని శ్రీలంకకు రండి.

1956వ సంవత్సరం మనకు పండగ సంవత్సరం. బుద్ధుడి మహాపరినిర్వాణానికి 2500 ఏళ్ళని లోకమంతా బుద్ధజయంతి చేసుకుంది. అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకుని లక్షలమందికి దీక్ష ఇచ్చారు. నవంబరు 1న భాష పునాదిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే బుద్ధజయంతి ఏడాది, అదే బుద్ధుడి పేరు చెప్పుకునే సింహళంలో ఏం జరిగిందో మన వీధుల్లో ఎవరికీ తెలియదు. ఆ ఏప్రిల్ ఎన్నికల్లో ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే గెలిచాడు. 24 గంటల్లో సింహళాన్ని అధికార భాష చేస్తానన్నది ఆయన వాగ్దానం. భిక్షువులు ఊరూరా తిరిగి ఆయనకు ప్రచారం చేశారు. జూన్‌లో చట్టం పార్లమెంటులో నెగ్గింది. దానికి జనం పెట్టిన పేరు "సింహళం మాత్రమే" చట్టం.

సింహళ రైతు బాధ నిజమైనదే. దాన్ని కాదనడం అన్యాయం. తెల్లవాడి పాలనలో కోర్టు కాగితం ఇంగ్లీషులో, ఆఫీసు ఇంగ్లీషులో. మిషనరీ బడులు బాగా నడిచిన జాఫ్నా నుంచి ఇంగ్లీషు చదువుకున్న తమిళులు జనాభా నిష్పత్తికి మించి ఉద్యోగాల్లో ఉన్నారు. తన దేశంలో తన భాషకు విలువ లేదని పల్లెటూరి సింహళీయుడు కుమిలిపోయాడు. ఆ రైతు కోరింది తన భాషకు గౌరవం. చట్టం ఇచ్చింది అవతలివాడి భాషకు అగౌరవం. చెడంతా "మాత్రమే" అన్న ఒక్క మాటలో ఉంది. కోల్విన్ ఆర్. డిసిల్వా అనే వామపక్ష నాయకుడు ఆరోజే సభలో హెచ్చరించాడు, భాష ఒకటే అంటే దేశం రెండవుతుందని. (అదే డిసిల్వా తర్వాత మంత్రిగా 1972 రాజ్యాంగాన్ని తయారు చేశాడు. మైనారిటీలకు ఉన్న పాత రక్షణ సెక్షన్ అందులో మాయమైంది, బౌద్ధానికి అగ్రస్థానం వచ్చి చేరింది. మనిషి ఎంత చదివినా అంతేనేమో.)

నిజానికి కథ ఇంకా ముందే మొదలైంది. 1948 ఫిబ్రవరిలో స్వాతంత్య్రం వచ్చింది. ఆ ఏడాదే పౌరసత్వ చట్టం తెచ్చి, టీ తోటల్లో పనిచేసే లక్షలాది తమిళ కూలీలను ఏ దేశమూ లేనివాళ్ళను చేశారు. మరుసటి ఏడాది ఓటు హక్కు కూడా పోయింది. ఎవరు వాళ్ళు? తమిళనాడు నుంచి తెల్లవాళ్ళు తోలుకుపోయిన పల్లర్లు, పరైయర్లు, చక్కిలియర్లు చాలామంది. మనవాళ్ళే. అప్పుడు జాఫ్నా తమిళ పెద్దల్లో ఒక వర్గం అదే మంత్రివర్గంలో చేరింది. అది తప్పని బయటికొచ్చిన ఎస్.జె.వి. చెల్వనాయకం 1949లో ఫెడరల్ పార్టీ పెట్టాడు. 1964లో భారత, సింహళ ప్రధానులు శాస్త్రి, సిరిమావో ఒప్పందం చేసుకుని, 5,25,000 మందిని ఇటు, 3,00,000 మందిని అటు అని పంచుకున్నారు. సంతలో పశువులను పంచుకున్నట్టు. ఆ కూలీలను ఎవరూ అడగలేదు.

ఇక అసలు విషయానికి వస్తున్నా. ఆ తగవును రాజకీయంగా తీర్చే దారి దొరకలేదా అంటే, దొరికింది. ఒక్కసారి కాదు, చాలాసార్లు దొరికింది.

1957 జూలైలో బండారనాయకే, చెల్వనాయకం కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో పరిపాలన తమిళంలో జరుగుతుంది. జనం నేరుగా ఎన్నుకునే ప్రాంతీయ మండళ్ళు వస్తాయి. వ్యవసాయం, భూమి, కొత్త వలసలు, విద్య, ఆరోగ్యం లాంటివి ఆ మండళ్ళు చూసుకుంటాయి. ప్రత్యేక దేశం లేదు, తుపాకీ లేదు. ఇద్దరు మనుషులు ఒక బల్ల దగ్గర తీర్చుకున్న తగవు. మండళ్ళ పేరుతో వచ్చింది కానీ, దీని వేళ్ళు రోహిణీ ఒడ్డున సిద్ధార్థుడు చెప్పిన పద్ధతిలోనే ఉన్నాయని నాకనిపిస్తుంది.

దాన్ని ఎవరు చంపారు? ప్రతిపక్షం నుంచి జె.ఆర్. జయవర్ధనే ఆ ఒప్పందానికి వ్యతిరేకంగా కొలంబో నుంచి క్యాండీకి పాదయాత్ర కట్టాడు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు వచ్చి బండారనాయకే ఇంటి ముందు బైఠాయించారు. నోటి మాట చాలదు, రాసి ఇమ్మన్నారు. రాసి ఇచ్చాడు. ఒప్పందం రద్దైంది. వారాలు తిరగకుండానే దేశమంతా మారణకాండ. మరుసటి ఏడు, 1959 సెప్టెంబరులో, బండారనాయకేను ఆయన ఇంట్లోనే కాల్చారు. కాల్చింది తల్దువే సోమరామ అనే భిక్షువు. కుట్రలో దోషిగా తేలింది ఆయన గెలుపుకు పనిచేసిన కెలనియ విహార ప్రధాన భిక్షువు మాపిటిగమ బుద్ధరక్ఖిత. ఆయన పేరును ఒకసారి పదం విడదీసి చదవండి. బుద్ధుడిచేత రక్షింపబడినవాడు!

జయవర్ధనే గురించి ఇంకొంచెం చెప్పాలి. 1951లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జపాన్‌తో శాంతి ఒప్పందం జరిగినప్పుడు, జపాన్ నుంచి నష్టపరిహారం మాకొద్దని సింహళం తరఫున మాట్లాడింది ఈయనే. ద్వేషం గురించి ధమ్మపదంలో బుద్ధుడు చెప్పిన మాటను ఆ సభలో చదివి, లోకమంతటి చేతా మెప్పు పొందాడు. సముద్రాల అవతలి జపాన్‌ను క్షమించగలిగిన మనిషి, ఆరేళ్ళకు పక్కింటి తమిళుడికి ఒక మండలి ఇవ్వొద్దని రోడ్డెక్కాడు. 1983 జూలైలో జాఫ్నా దగ్గర 13 మంది సైనికులను పులులు చంపితే, కొలంబోలో గుంపులు తమిళుల ఇళ్ళ మీద పడ్డాయి. అప్పుడు దేశాధ్యక్షుడు ఈయనే. గుంపుల చేతుల్లో ఓటర్ల జాబితాలున్నాయి, ఏ ఇల్లు తమిళుడిదో వాటిలో చూసుకున్నారు. ప్రజాస్వామ్యంలో పవిత్రమైన కాగితం అని మనం చెప్పుకునేది అదే కదా! నాలుగు రోజుల దాకా అధ్యక్షుడు జనం ముందుకు రాలేదు. వచ్చినప్పుడు ఆయన నోటి నుంచి చచ్చినవాళ్ళ కోసం ఒక ఓదార్పు మాట రాలేదు. దూరపువాళ్ళ మీద మైత్రి సులువు బంధువులారా. మెత్తాభావన చేసేటప్పుడు "సకల ప్రాణులు" అని ఒక్క గుక్కలో అనేస్తాం. అడ్డం తగిలేది పక్క వీధి.

ఆ తర్వాతి సంగతులు మీరు పేపర్లలో చదివినవే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1965లో మరో ప్రధాని డడ్లీ సేనానాయకే చెల్వనాయకంతో మరో ఒప్పందం చేసుకున్నాడు, అదీ వీగిపోయింది. 1976లో తమిళ పార్టీలు ప్రత్యేక దేశం కావాలని తీర్మానించాయి. 1981లో జాఫ్నా గ్రంథాలయాన్ని, దాదాపు 97 వేల పుస్తకాలతో సహా, తగలబెట్టారు. ఇరవై ఏళ్ళు మండలి అడిగినవాడికి లేదంటే వాడి కొడుకు తుపాకీ అడిగాడు. ఆ తుపాకీ కూడా న్యాయం చేయలేదు. ప్రభాకరన్ పులులు 1985లో అనురాధపురంలో బోధివృక్షం దగ్గర భక్తులను కాల్చారు. 1987లో అరంతలావలో బస్సు ఆపి పసి సామణేరులతో సహా 31 మంది భిక్షువులను చంపారు. 1990లో ఉత్తర ప్రాంతం నుంచి ముస్లింలందరినీ, 70 వేలమందికి పైగా, కట్టుబట్టలతో తరిమేశారు. మైనారిటీ చేతికి ఆయుధమొస్తే తనకంటే చిన్న మైనారిటీని అది అలాగే చూసింది. 2009 మేలో యుద్ధం ముగిసేనాటికి చచ్చినవాళ్ళు 80 వేల నుంచి లక్ష దాకా ఉంటారని ఐక్యరాజ్యసమితి అంచనా. ఆ చివరి నెలల్లోనే 40 వేలమంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని దాని నిపుణుల బృందం 2011లో రాసింది.

"మరి మంచివాళ్ళు లేరా?" అంటారు. ఉన్నారు. 1983లో తమిళ పొరుగువాళ్ళను తమ ఇళ్ళలో దాచి కాపాడిన సింహళ బౌద్ధ కుటుంబాలు ఎన్నో. సర్వోదయ ఆర్యరత్నే శాంతియాత్రలు, సామూహిక ధ్యానాలు నడిపాడు. వాళ్ళకు నమస్కరిస్తాను. కానీ ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. పొరుగువాడి దయ మీద బతకాల్సిన స్థితి పౌరసత్వం అనిపించుకోదు. ఊళ్ళో మంచి దొర ఉంటే మన తాతలు సుఖపడ్డారు, చెడ్డ దొర వస్తే చచ్చారు. ఆ స్థితి పోవాలనే కదా బాబాసాహెబ్ దయ అడగకుండా హక్కు అడిగింది.

ఆయన ఈ సమస్య మీద జీవితమంతా ఆలోచించారు. 1945 మే నెలలో బొంబాయిలో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ సభలో మతాల ప్రతిష్టంభన మీద చేసిన ప్రసంగం, 1947లో రాసిన "రాష్ట్రాలు - మైనారిటీలు" దొరికితే తప్పక చదవండి. ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తాను. మెజారిటీలు రెండు రకాలు. ఒకటి రాజకీయ మెజారిటీ. అది అభిప్రాయం మీద ఏర్పడుతుంది, ఈ ఎన్నికల్లో గెలిచి వచ్చే ఎన్నికల్లో ఓడుతుంది, దాని తలుపు ఎవరికైనా తెరిచే ఉంటుంది. రెండోది పుట్టుక మెజారిటీ. అందులోకి ఎవరూ కొత్తగా చేరలేరు, అది ఎన్నటికీ ఓడదు. రెండోదాన్ని మొదటిదిగా చూపించి పరిపాలించడం ప్రజాస్వామ్యం కాదు. అందుకే ఏ మతవర్గానికీ చట్టసభలో సొంతంగా సగానికి మించి బలం ఉండకూడదన్నారు. కేంద్ర సభకు ఆయన వేసిన లెక్కలో, జనాభాలో సగానికి పైగా ఉన్న హిందువులకు 40 శాతం, ముస్లింలకు 32, షెడ్యూల్డు కులాలకు 20, మిగతావి చిన్న వర్గాలకు. ఎవరైనా ఇంకొకరిని కలుపుకుంటే తప్ప గద్దె ఎక్కలేరు. 1947 పత్రంలో ఇంకా ముందుకెళ్ళారు. ప్రధానిని మొత్తం సభ ఎన్నుకోవాలి. మంత్రివర్గంలో మైనారిటీల ప్రతినిధులను ఆ మైనారిటీ సభ్యులే ఎన్నుకోవాలి. మెజారిటీ వర్గం నుంచి వచ్చే మంత్రులను మాత్రం సభ మొత్తం కలిసి ఎన్నుకోవాలి. అంటే పెద్దవర్గం నుంచి ఎవరు పెత్తనం చేయాలో చెప్పడంలో చిన్నవర్గాలకూ మాట ఉంటుంది. ఎంత లోతైన ఆలోచనో చూడండి. మన మీద పడి కరిచేవాడు వాళ్ళలోంచి మంత్రి కాలేడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సింహళంలో జి.జి. పొన్నంబలం సోల్బరీ కమిషన్ ముందు, సింహళీయులకు సగం, మిగతా వర్గాలన్నిటికీ కలిపి సగం సీట్లు అడిగాడు. కమిషన్ కొట్టేసింది. ఇక్కడ బాబాసాహెబ్ లెక్కనూ ఎవరూ తీసుకోలేదు. ఆ లెక్కలో లోపాలు లేవని నేననను. ముస్లింలకు ఎక్కువిచ్చారని, తక్కువిచ్చారని, రెండు విమర్శలూ ఉండొచ్చు. కానీ ప్రశ్న సరైనది.

ఆ ప్రశ్నకు తర్వాత కొన్ని దేశాలు తలవంచాయి. ఉత్తర ఐర్లండులో ప్రొటెస్టెంట్లు, క్యాథలిక్కులు ముప్పై ఏళ్ళు కొట్టుకుని 3,500 మంది చచ్చాక, 1998 ఏప్రిల్ 10న ఒప్పందానికి వచ్చారు. అక్కడ ఫస్ట్ మినిస్టరు ఒక వర్గం, డిప్యూటీ ఇంకో వర్గం. పేరుకు డిప్యూటీ, అధికారం మాత్రం సమానం. ఒకరు రాజీనామా చేస్తే రెండోవారి పదవీ పోతుంది. ముఖ్యమైన నిర్ణయాలకు రెండు వర్గాల సమ్మతీ కావాలి. ప్రభుత్వం ఎన్నోసార్లు ఏళ్ళ తరబడి ఆగిపోయింది, వీధుల మధ్య గోడలు ఇంకా ఉన్నాయి. అయినా ఆ పాత యుద్ధం తిరిగి రాలేదు. ప్రభుత్వం ఆగిపోవడం వేరు, శవాలు లేవడం వేరు.

బోస్నియాలో 1995లో ఇలాగే మూడు జాతులకు మూడు వాటాలు రాశారు. అయితే ఆ మూడింటికీ చెందని యూదులు, రోమా జనం దేశాధ్యక్ష పదవికి పోటీయే చేయలేకపోయారు. అది తప్పని 2009లో యూరోపు మానవహక్కుల కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ రోమాలు ఎప్పుడో శతాబ్దాల కిందట మన దేశం నుంచి వలసపోయినవాళ్ళు. పెద్దవాళ్ళు వాటాలు పంచుకునేటప్పుడు బల్ల దగ్గర కుర్చీ లేనివాడు ఎవడో చూడటం మన పని. ఆ కుర్చీ లేకపోవడం ఎలా ఉంటుందో మనకు తెలుసు కాబట్టి.

శ్రీలంకలో కూడా దారి మొత్తం మూసుకుపోలేదు. 1987 జూలైలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే సంతకాలు చేసిన ఒప్పందం వల్ల 13వ రాజ్యాంగ సవరణ వచ్చింది. తమిళం కూడా అధికార భాష అయ్యింది. ముప్పై ఏళ్ళు పట్టింది "మాత్రమే" అన్న మాట చెరిపెయ్యడానికి! ప్రాంతాలకు మండళ్ళు వచ్చాయి. కానీ భూమి, పోలీసు అధికారాలు కాగితం మీదే ఉండిపోయాయి. ఉత్తరాదికి తొలి మండలి ఎన్నిక జరగడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. 2019 తర్వాత ఏళ్ళ తరబడి దేశంలో ఎన్నికైన మండలి అన్నదే లేదు, గవర్నర్లే నడిపారు. యుద్ధం గెలిచినవాళ్ళకు ఇక పంచుకోవాల్సిన అవసరం కనిపించలేదు. శత్రువు కావాలి కాబట్టి ఈసారి ముస్లింలు దొరికారు. 2014లో అలుత్‌గమలో బోదు బల సేన సభ జరిగింది, ఆ వెంటనే ముస్లింల ఇళ్ళు, దుకాణాలు కాలాయి. సంస్థ పేరుకు అర్థం బౌద్ధ శక్తి సేన.

ఎందుకిలా అని వెతికితే నాకు ఒక కారణం కనిపిస్తుంది. అందరూ ఒప్పుకోకపోవచ్చు. అక్కడి సంఘం కులాన్ని లోపల దాచుకున్న సంఘం. 1753లో మొదలైన సియాం నికాయ కొద్దికాలానికే గోవిగమ కులంవాళ్ళకు మాత్రమే ఉపసంపద ఇచ్చేదిగా మారింది. మిగతా కులాలవాళ్ళు సముద్రం దాటి బర్మా వెళ్ళి దీక్ష తెచ్చుకుని, 19వ శతాబ్దం మొదట్లో అమరపుర నికాయ పెట్టుకున్నారు. మంగలి ఉపాలికి శాక్య రాకుమారుల కంటే ముందు దీక్ష ఇచ్చిన శాస్త సంఘం అది! తమలో తాము పుట్టుకను లెక్కపెట్టేవాళ్ళు పక్కవాడి పుట్టుకను లెక్కపెట్టకుండా ఎలా ఉంటారు? తమిళుల వైపూ అంతే. 1968లో జాఫ్నా దగ్గర మావిట్టపురం గుడిలోకి రానివ్వమని దళితులు సత్యాగ్రహం చేస్తే, అడ్డుపడింది సింహళీయులు కాదు, తమిళ వెళ్ళాలులు.

ఇక మన దగ్గరికి రాక తప్పదు. బాబాసాహెబ్ 1955లో భాషా రాష్ట్రాల మీద రాసినప్పుడు ఆంధ్రను ఉదాహరణగా తీసుకుని, భాష ఒక్కటైనంత మాత్రాన అంటరానివాడికి ఒరిగేదేమీ లేదని, భూమి, ఉద్యోగం, వ్యాపారం రెండు పెద్ద కులాల చేతిలో ఉన్నాయని హెచ్చరించారు. ఆ మాట మనం ప్రతి సభలో గుర్తుచేస్తాం, వాళ్ళను వేలెత్తి చూపిస్తాం. ఆ వేలు మనవైపు తిప్పితే?

మాల, మాదిగ మాట ఎత్తుతున్నాను. కోపం రావచ్చు. వర్గీకరణ కావాలా వద్దా అని ఈ పుస్తకంలో తీర్పు చెప్పబోవడం లేదు. 2004లో సుప్రీంకోర్టు కాదంది, 2024లో అవునంది. ఇరవై ఏళ్ళు మనం ఒకే బాబాసాహెబ్ బొమ్మ కింద రెండు సభలు పెట్టుకున్నాం. కోస్తాలో ఒకరి సంఖ్య పెద్దది, తెలంగాణలో ఇంకొకరిది. ఎక్కడ ఎవరి సంఖ్య పెద్దదో అక్కడ వాళ్ళకు మెజారిటీ సూత్రం చాలా ధర్మంగా కనిపిస్తుంది. అలా కనిపించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మా ఊళ్ళో విహార్ కట్టాలనుకున్నప్పుడు జరిగింది చెప్తాను. కమిటీలో 17 మందిమి. మా పల్లె నుంచి 11, గూడెం నుంచి 6. స్థలం ఎక్కడన్న మాట వచ్చింది. మా వీధి చివర అని మేం, రెండు వీధులకూ మధ్య చెరువు గట్టు దగ్గర అని వాళ్ళు. అరగంట వాదించాక, "ఎందుకీ గొడవ, ఓటు పెడదాం, ప్రజాస్వామ్యం కదా" అన్నాను. అన్నది నేనే. 11కి 6. ఒక్క ఓటు కూడా అటు ఇటు కాలేదు. నెగ్గామని సంతోషించి పునాది తవ్వించాం. ఆ వైశాఖ పున్నమికి వాళ్ళు రాలేదు. తమ వీధిలో బాబాసాహెబ్ విగ్రహం దగ్గర విడిగా ఖీర్ వండుకుని వందన చేసుకున్నారు.

ఆ కుర్రాడి ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఇదంతా చదివాక, గూడెంలో పెద్దాయన ఇంటికి వెళ్ళాను. మంచం వాల్చి కూర్చోమన్నాడు, టీ ఇప్పించాడు. తప్పయింది తాతా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ పదకొండు మందీ మీవైపే చెయ్యెత్తుతారని నీకు ముందే తెలుసు కదయ్యా. తెలిసిందానికి మళ్ళీ ఓటెందుకు పెట్టావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

రోహిణీ కథ ఆయనకు చెప్పాను. విని, "ఆ ఇద్దరిద్దరూ లెక్క బాగుంది, పెట్టండి" అన్నాడు. మా పల్లెలో ఒప్పించడానికి నెల పట్టింది. నెగ్గినదాన్ని మళ్ళీ బల్ల మీద ఎందుకు పెట్టాలని మావాళ్ళు నామీద లేచారు. సింహళీయులూ అదే అన్నారని చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు లేచిపోయారు. చివరికి ఇటు నుంచి ఇద్దరు, అటు నుంచి ఇద్దరు కూర్చున్నారు. అటు ఇద్దరిలో ఒకామె మహిళా సంఘం లీడరు, ఇటువాళ్ళందరికంటే గట్టిగా మాట్లాడుతుంది. ఐదో మనిషి దగ్గర ఆగింది. మావాళ్ళు చెప్పిన రిటైర్డు పంతులుగారు వాళ్ళకు నచ్చలేదు, వాళ్ళు చెప్పిన పక్కూరి ఉపాసకుడు మావాళ్ళకు నచ్చలేదు. పునాది గుంటల్లో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. నలుగురూ వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నారు, ఈసారి గూడెంలో.